తాడుకి అటువైపు

దెయ్యాలు రాత్రిపూటే తిరుగుతాయని చెప్పినవాడెవడో గానీ, వాడొకసారి లాజరుని కలవాలి. ఇది పట్టపగలు, పది గంటలకి, నిడదవోలు దగ్గర ఓ ఊరి సెంటర్లో జరిగింది.

టెంటు వేశారు. మజ్జిగ పంచుతున్నారు. దిమ్మ మీద తెల్లగుడ్డ కప్పిన నిలువెత్తు విగ్రహం. కొత్తపేటలో చేయించారు, రంగు వాసన ఇంకా పోలేదు. కాశ్మీర్లో పోయిన సత్యప్రసాద్ విగ్రహం అది. ముసుగు తాడు లాగాల్సింది అతనితో కలిసి ఆర్మీలో చేరిన లాజరు. గుండె మీద పతకం మెరుస్తోంది.

"నొప్పి తెలీకుండానే పోయాడు కదా బాబూ?" సత్యప్రసాద్ తల్లి రత్నమాణిక్యం అడిగింది. ఆరేళ్లుగా కనిపించినప్పుడల్లా అదే మాట.

"తెలీలేదమ్మా. తూటా తగలగానే పోయాడు."

ఆ ఒక్కమాట పట్టుకునే ఆవిడ బతుకుతోంది. అది పచ్చి అబద్ధం.

ఆ రాత్రి అడవిలో ఇద్దరూ చెరోపక్క మాటువేశారు. నోరెత్తకూడదు. అందుకే ఇద్దరి మణికట్లకీ కలిపి ఒక పచ్చ తాడు. ఒకసారి లాగితే, జాగ్రత్త. రెండుసార్లయితే, శత్రువు వచ్చాడు. మూడుసార్లయితే, దెబ్బ తగిలింది, రా.

సత్యప్రసాద్ మూడుసార్లు లాగాడు. కాసేపాగి మళ్లీ మూడు. గంటసేపు అలాగే. లాజరు కదిలితే దారి వదిలేసినట్టే. వెనక శిబిరంలో పన్నెండుమంది ఉన్నారు. కదల్లేదు. ఒక్కడే నలుగురు శత్రువుల్ని ఆపాడు, పతకం అందుకే. ధైర్యం కాదని ఎవడంటాడు? కానీ ఆ లాగుడు భరించలేక కత్తితో తాడు కోసేశాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

"లాజరు గారూ, లాగండి మరి!" మైకులో సర్పంచి అచ్చిబాబు కేకేశాడు.

లాజరు లాగాడు. గుడ్డ కదల్లేదు. తాడు బిగిసింది.

అటువైపు నుంచి ఎవరో లాగారు.

ఒకటి... రెండు... మూడు.

గాలేమో అనుకున్నాడు. ఆకు కదలడం లేదు. రంగు వాసన పోయింది. తడిమట్టి వాసన... నెత్తురు వాసన...

మళ్లీ మూడు.

"ఒరే ప్రసాదూ..." పెదవులు కదలకుండా గొణిగాడు. "ఇక్కడొద్దురా. అమ్మ ఉంది."

తాడు వదులైంది. గుడ్డ జారిపోయింది. జనం జేజేలు పలికారు. టోపీ, మీసం, తుపాకీ, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. లాజరుకి ఊపిరొచ్చింది.

రత్నమాణిక్యం మెల్లగా దిమ్మ మీదికెక్కి కొడుకు చెయ్యి తడిమింది. ఎడమ మణికట్టుకి పచ్చ తాడు వేలాడుతోంది. కొస కత్తితో కోసినట్టుంది. నిన్న సాయంత్రం దగ్గరుండి ముసుగు కప్పించింది లాజరే. అప్పుడు ఆ తాడు లేదు.

ఆవిడ ఆ కొస పట్టుకుంది. గుప్పిట బిగించింది. తర్వాత లాజరు వైపు తిరిగింది.

"బాబూ..." గొంతు తగ్గించి అడిగింది. "మూడేసిసార్లు లాగుతున్నాడు... ఏం కావాలట వీడికి?"