దూడ లేని సురభి

అమావాస్య... గోధూళి వేళ! పరాయి దేశపు నగర శివారు పాయింట్ కుక్‌లో ఆ వేళకి ఇల్లు చేరేవి ఆవులు కావు, కార్లు. నల్లమబ్బు చీల్చుకుని ఉరుము ఫెళఫెళమంది.

భార్గవ్ ఇంటి గరాజ్‌లో భీమయ్య క్షుద్రపూజకు కూర్చున్నాడు. ఊరవతల పాడి ఫారంలో పాలు పితికే పని వాడిది. పుట్టిన పూటే తల్లి నుంచి లాగేసిన దూడను గొంతు కోసి, దాని తోలు ఆసనంగా పరిచి, దాని కపాలాన్ని రక్తపు ముగ్గు నడుమ నిలిపాడు ఆ కర్కోటకుడు! ఎదురుగా తాళ్ళతో కట్టేసిన బాలింత కాత్యాయని. కపాలం పక్కనే ఆమె ఐదు నెలల పాప.

బిడ్డకు పట్టిన పీడ వదిలిస్తానంటే భార్గవ్ నమ్మాడు. పెళ్ళాన్ని తనే కట్టేసి, తలుపేసి బయట నిలబడ్డాడు... బుద్ధిలేని మనిషి! భీమయ్య అసలు పన్నాగం వేరు. కామధేనువైన సురభిని ఆ బాలింత దేహంలోకి దించి కోరికలన్నీ పితుక్కోవాలి. పనయ్యాక పాపను బలివ్వాలి.

"అంకుల్, పాపనొదిలెయ్యండి. నన్నేమైనా చేసుకోండి," అంది కాత్యాయని.

"ముందు నువ్వు ఆవులా చేపి పాలు దించాలి గదా తల్లీ," అన్నాడు వాడు.

మంత్రం ముగిసింది... పిడుగు పడింది! కాత్యాయని కళ్ళు విశాలమై, నల్లబడి, తడిబారాయి. తాళ్ళు పటపటా తెగాయి. 'అంబా' అన్న ఘోరనాదానికి గోడలు అదిరాయి. ఆమె వంగి కపాలాన్ని వాసన చూసింది.

"నా బిడ్డ ఏడి?"

దూడ లేనిదే ఆవు చేపదు. దూడ చచ్చిపోతే దాని తోలు చూపించి ఆవును మాయ చెయ్యడం పాలవాళ్ళకు తెలిసిన విద్యే. భీమయ్య ఆ తోలు కప్పుకుని మోకాళ్ళ మీద పాకాడు.

"నేనేనమ్మా నీ దూడను."

"వచ్చావా నాన్నా," అంది సురభి.

అప్పుడే ఈనిన ఆవులా నాకడం మొదలుపెట్టింది. మొదటిసారికి దూడ తోలు ఊడింది. రెండోసారికి వాడి తోలు! వాడు గింజుకున్నాడు... ఆమె మోకాలితో అదిమిపట్టి, ప్రేమగా, తొందర లేకుండా నాకింది. చాలమ్మా, చాలని ఏడ్చాడు. పెదాలు పోయాక ఆ మాటా పోయింది. ఎముకలు తెల్లగా తేలేదాకా ఆ తల్లి ఆపలేదు.

భార్గవ్ తలుపు తీశాడు. కాత్యాయని మూతి తుడుచుకుని, పాపను ఒళ్ళో వేసుకుని పాలిస్తోంది. అతను బిడ్డ కోసం చెయ్యి చాచాడు.

"ముట్టుకోకు భార్గవ్," అంది. "అమ్మ ఇంకా వెళ్ళలేదు."