కనకం ముడత

పదిహేడో ముక్క గోరువెచ్చని నీటిమీద పరుచుకుంది. వెంట్రుకలో పదిహేనో వంతు మందం. కనకమహాలక్ష్మి ఊపిరి బిగబట్టి, గాజుపలకను నీళ్ళ అడుగునుంచి ఏటవాలుగా పైకి లేపి, ముక్కను దానిమీదికి ఎక్కించుకుంది. ఎక్కడమైతే ఎక్కింది గానీ, ఎడమవైపు కింది మూలలో సన్నటి ముడత పడింది. పడక ఏం చేస్తుంది? చిన్నప్పుడు తలుపు సందులో నలిగిన ఆమె చిటికెనవేలు ముప్పయ్యేళ్ళుగా వంకరగానే ఉంది మరి. పటశాలలో ఆ ముడతకి పేరు కూడా పెట్టేశారు, కనకం ముడత అని.

నాలుగో తీరమండలంలో రసాయనపు తొట్ల దగ్గర పనిచేసే ప్రతి మనిషీ ఏడాదికోసారి కాలేయంలోంచి సూదిమొనంత కండ ఇవ్వాలి. దాన్ని కోసి, రంగువేసి, గాజుమీద పరిస్తే, ముక్కని బొట్టంతేసి గడులుగా విడదీసి చూసే బొట్టుగడుల యంత్రం ఏ కణంలో ఏ జన్యువు నోరు విప్పిందో, ఏది నోరు మూసుకుందో గడిగడికీ పసిగట్టి వెలుగుపటం గీస్తుంది. ఒద్దికగా పనిచేసుకునే కణాలు నీలం. విషం తగిలి గగ్గోలు పెడుతున్న కణాలు ఎరుపు. ఆ పటాన్ని పటశాల కంప్యూటరు, సంధాత, చదువుతుంది, ముక్క కోసిన మనిషి వేలిముద్ర వేస్తుంది, అప్పుడు తొట్లగదికి అనుమతి వస్తుంది. సాయంత్రం అయిదింటికి ఆనాటి గాజులన్నీ కొలిమిలో కరిగిపోతాయి. పటం చేతికొచ్చాక ఇక గాజుతో పనేముంది?

మధ్యాహ్నానికి నలభై ముక్కలూ యంత్రంలోకి వెళ్ళాయి. నాలుగున్నరకి పటాలు వచ్చేసరికి కిటికీ అవతల వరస కట్టి నిలబడ్డారు. అందరికంటే ముందు గంగులు, పదిహేడో ముక్క మనిషి.

"అయిపోనాదేటక్కా? అనుమతొచ్చీసిందా?"

కనకం తలెత్తి చూసి ఉలిక్కిపడింది. "కళ్ళేంటి గంగులూ అలా ఉన్నాయి, పసుపునీళ్ళు పోసినట్టు?"

"నెల్రోజులై ఇలాగే ఉన్నాయక్కా. అన్నం సయించడం నేదు. పటం బాగుంటే నువ్వు బాగున్నట్టేనని మేస్త్రీ అన్నాడు. అయినా ఓపాలి సరిగ్గా సూడండక్కా, మీకు పున్నెముంటాది."

ఆమె పటం తెరిచింది. ఈ చివరనుంచి ఆ చివరిదాకా నీలం. ఒక్క ఎర్ర చుక్క లేదు. అప్పుడే పుట్టిన పిల్లాడి కాలేయమైనా ఇంత ముచ్చటగా ఉండదు. ఇదేం విడ్డూరం అనుకుంటూ ఎడమవైపు కింది మూల చూసింది. అక్కడా ఏమీ లేదు, నున్నగా ఉంది.

ముడత పడినచోట ముక్క రెండు పొరలవుతుంది, పటంలో నల్లగా గీత వస్తుంది. ఆ గీత కోసం పటాధికారి చలపతిరావు చేత ఆరేళ్ళు చీవాట్లు తిన్నది కనకం. మూణ్ణెల్ల కిందట ఒకరోజు ఆయనే పిలిచి, "గీతలు పోయాయమ్మా, మొత్తానికి చెయ్యి కుదిరింది" అన్నారు. ఆ సంబరానికి పటశాల అంతటికీ జాంగ్రీలు పంచింది. ఇప్పుడు చిటికెనవేలు కళ్ళముందు పెట్టుకుని చూసుకుంది. చెయ్యి కుదరడానికి వేలేమైనా తిన్నబడిందా?

పదిహేడో గాజు తీసి కిటికీ వెలుతురుకి పట్టింది. గులాబిరంగు ముక్కలో, ఎడమవైపు కింది మూలలో, ముడత ఉన్నచోటే ఉంది.

గాజు పట్టుకుని తిన్నగా చలపతిరావు గదిలోకి వెళ్ళింది.

"సార్, గాజుమీద ముడత ఉంది. పటంలో లేదు."

"సంధాత సవరిస్తోందమ్మా." ఆయన తలెత్తలేదు. "నీ ముడతలు భరించలేకే ఆ సవరణ పెట్టించాను. నీకు మంచిదేగా."

"సవరించి, ఆ చోట ఏం పెడుతోంది?"

"ఆరోగ్యవంతుల పటాల్లోంచి సరిపోయే గడులు తెచ్చి పెడుతుంది."

"ముడత ఒక్క మూలేగా సార్. గంగులు పటం మొత్తం నీలంగా ఉంది. ఆ మనిషి కళ్ళు చూశారా?"

"కళ్ళు చూసి జబ్బు చెప్పే రోజులు పోయాయమ్మా."

"ముడతేదో జబ్బేదో సంధాతకి ఎలా తెలుస్తుంది సార్?"

చలపతిరావు లేచి తలుపు మూశారు. ఆ తలుపు మూసిన తీరుతోనే ఆమెకి సగం అర్థమైంది.

"తెలియదు," అన్నారు గొంతు తగ్గించి. "మామూలుకంటే ఎక్కువ గోలచేసే గడి ఏదైనా దానికి పొరపాటే. తీసేస్తుంది. నాకు తెలిసిన వారానికే పైకి రాశాను. పటాలు శుభ్రంగా వస్తున్నాయి కదా, ముట్టుకోవద్దన్నారు. నాలుగువేల మంది పనిచేసే మండలం, ఆగితే ఊరుకుంటారా? నీ చేతుల్లో ఏముంది, నా చేతుల్లో ఏముంది? వేలిముద్ర వేసేసి ఇంటికి వెళ్ళు."

కనకానికి ఒళ్ళంతా సిగ్గుతో మండిపోయింది. ఈ మూణ్ణెల్లలో ఎన్ని నీలం పటాలమీద బొటనవేలు నొక్కింది! ఎంతమందిని మళ్ళీ ఆ తొట్లగదిలోకి తోలింది! పైగా జాంగ్రీలొకటి!

బల్ల దగ్గరికి వచ్చేసరికి సంధాత మూడోసారి అడుగుతోంది, "పదిహేడో పటానికి వేలిముద్ర వేయండి."

గడియారం నాలుగూ నలభై చూపిస్తోంది. గాజుని కాగితంలో చుట్టి, కిటికీలోంచి గంగులు చేతిలో పెట్టింది.

"ఇది నీ కాలేయం. జాగ్రత్తగా పట్టుకో. తొట్లగదికి మాత్రం వెళ్ళకు. ఊళ్ళో ఇంకా మైక్రోస్కోపులో కన్నుపెట్టి చూసే డాక్టరెవరైనా ఉంటే, ఇప్పుడే వెళ్ళి చూపించు."

"మరి పటం ఏటంటంది అక్కా?"

"పటం బాగుంది. అది నీది కాదు, అంతే."

"పదిహేడో గాజు లోపించింది," అంది సంధాత. ఎప్పుడూ వెలగని ఎర్రదీపం ఒకటి పటశాల చూరు కింద వెలిగింది. చలపతిరావు గది తలుపు తెరుచుకుంది. ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు, ముందుకీ రాలేదు, వద్దనీ అనలేదు.

గంగులు కదల్లేదు. కాగితం విప్పి, గాజుని ఎండకి ఎత్తి చూసుకున్నాడు. వెనక నిలబడ్డవాళ్ళంతా చూశారు. అతని వెనకాలున్న ముసలామె కిటికీలోకి చెయ్యి చాపింది. ఆ అరచెయ్యి కూడా పసుపుపచ్చగానే ఉంది.

"ఓలమ్మా, నాది పద్దినిమిదో నెంబరు. కొలిమిలో ఎయ్యకముందే ఇచ్చీ తల్లీ."

కనకం గాజుల పళ్ళెం మొత్తాన్ని కిటికీ దగ్గరికి లాక్కుని, పద్దెనిమిదోది తీసింది.