ఉస్తాద్ ఆఖరి పట్టు

1945 ఎండాకాలం. పొద్దున ఆరు గంటలు. సిద్దిపేట పహిల్వాన్ల తాలీంలో, కుస్తీ గోదాలో, భిక్షపతి ఉస్తాద్ శవం వెల్లకిలా పడి ఉంది.

పుర్రె పగిలింది. పక్కనే నెత్తురు పట్టిన కసరత్తు గద.

గోదా నుంచి వాకిలి దాకా అడుగుజాడలు. ఎడమ పాదం నిండుగా పడింది. కుడి పాదం వేళ్లు మాత్రమే పడ్డాయి. అంటే హంతకుడు కుంటుతూ పారిపోయాడు.

పోలీసు జవాన్లకు అంతే చాలు. గంట తిరగకుండానే ఒక కుంటేవాణ్ని పట్టుకొచ్చారు. ఉస్తాద్ శిష్యుడు దుర్గయ్య. కుడి చీలమండ బయటివైపు వంకాయంత వాచింది. గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు ఆ వాపు మీదే లాఠీలు పడ్డాయి. పెదవి చిట్లింది. అయినా నేరం ఒప్పుకోలేదు.

ఠాణా అధికారి అమీన్ దత్తాత్రి వచ్చి లాఠీ లాక్కున్నాడు.

"కాలుకు ఏమైందిరా?"

"నిన్న పొద్దుమీకి కసరత్తుల పాదం లోపటికి మడత పడ్డది, సాబ్. ఉస్తాదే కట్టు కట్టిండు."

"సాక్షి ఎవరు?"

"ఆయనొక్కడే, సాబ్." దుర్గయ్య వెక్కివెక్కి ఏడ్చాడు.

ఉస్తాద్ తల్లి బాలవ్వ మాత్రం ఏడవలేదు. కొడుకు చావుకంటే ఒక మాట ఆమెను ఎక్కువ కోస్తోంది.

"దండం వెట్టుకుంట సచ్చిండట. జవాన్లు చెప్పిన్రు. ఎన్నడు ఎవనికి లొంగని నా కొడుకు..."

దత్తాత్రి శవం చేతులు చూశాడు. ఛాతీకి పైన, గాల్లోనే బిగుసుకుపోయాయి. కుడి అరచెయ్యి గిన్నెలా పైకి తిరిగి ఉంది. జానెడు దూరంలో ఎడమది బోర్లా ఉంది. వేళ్లు కొక్కేల్లా వంగాయి. దండం పెట్టే చేతులు అలా ఉండవు.

"ఇంకెవరన్న కుంటుతున్రా?"

"రాధాకిషన్ ఉన్నడు, సాబ్," అన్నాడు జవాను. "బట్టల దుకాణమోల్ల పోరడు. గీడ్నే కుస్తీ నేర్సుకుంటడు. పొద్దుగాల బర్రె తన్నిందట. కట్టు మోకాలు కింద ఉన్నది, చీలమండకు కాదు."

"తోల్కరా. దవాఖాన నుంచి దేవదాసు డాక్టర్‌ను గూడ పిల్వు."

డాక్టర్ వచ్చి, ముందు దుర్గయ్య చీలమండ ఎముకలను రెండువైపులా వెనక అంచున నొక్కాడు. నొప్పి లేదు. బయటి ఎముకకు ముందు, మెత్తటి చోట నొక్కాడు. దుర్గయ్య కేక పెట్టాడు.

"నడువు."

దుర్గయ్య పళ్లు బిగబట్టి నాలుగడుగులు వేశాడు.

"ఎముక మంచిగనే ఉన్నది. బయటి లిగమెంట్ సాగింది. పాదం లోపటికి మడత పడితే అయ్యేదే గిది."

తరువాత, జవాను తోలుకొచ్చిన రాధాకిషన్ కాలి కట్టు విప్పించాడు. చర్మం నున్నగా ఉంది.

"బర్రె తంతే తోలు గీరుకపోదా?"

రాధాకిషన్ కాలు ముడుచుకున్నాడు. డాక్టర్ ఆ పాదాన్ని పట్టి తిప్పి చూశాడు. కుడి చీలమండ లోపలివైపు నల్లగా కమిలి ఉంది. నొక్కితే మూలిగాడు. మోకాలి కింద సన్నటి ఎముకను నొక్కితే పెడబొబ్బ పెట్టాడు.

"ఎవరో పాదాన్ని బలంగ బయటికి తిప్పిన్రు, అమీన్ సాబ్. లోపటి లిగమెంట్ తెగింది. ఆ మెలి పైదాక పోయి మోకాలు కింద ఎముకను విరిచింది. హైదరాబాద్‌ల ఎక్స్‌రే తీస్తే కనవడ్తది."

దత్తాత్రి శవం దగ్గరికి నడిచాడు.

"కుడి చెయ్యి మడిమె కింద. ఎడమది వేళ్ల మీద. దుర్గయ్యా, గిది ఏం పట్టు?"

"కాలు మెలేసే పట్టు, సాబ్. మాకు గదే మొదలు నేర్పిండు."

"రాధాకిషన్, నీ పాదం ఆ చేతులల్ల పెట్టు."

"వద్దు!" రాధాకిషన్ వెనక్కి పాకాడు. "జాతర కుస్తీకి నన్ను కాదని వీన్ని పంపుతనన్నడు! ఒక్క దెబ్బకే పడ్డడు. పడి కాలు పట్టిండు. కొట్టినకొద్ది మెలివెట్టిండు. సచ్చేదాక ఇడువలే!"

బేడీలు పడ్డాయి. డాక్టర్ అతని కాలికి బద్దలు కట్టాడు. దుర్గయ్యకు చన్నీళ్ల గుడ్డ చుట్టి, గట్టి కట్టు కట్టాడు. "కాలు ఎత్తు మీద పెట్టు. తైలం రుద్దకు," అన్నాడు.

దత్తాత్రి బాలవ్వ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"నీ కొడుకు దండం వెట్టలే, అవ్వా. వాన్ని పట్టిచ్చింది నీ కొడుకే."

బాలవ్వ ఆ బిగుసుకున్న చేతుల మట్టిని కొంగుతో తుడిచింది. అప్పుడు ఏడ్చింది.