కాటా చీటీ మీద పేరు

వరద నీళ్లు గోదాములో బస్తాల మూడో వరస దాకా ఎక్కిన సంవత్సరం జరిగిందిది. ఆ వరదకి ఆఫీసు కంప్యూటరు తడిసి మూలపడింది. అందులోని ఫైళ్లు మాత్రం దక్కాయి. వాటిని కొత్త మిషన్‌లోకి ఎక్కించి, పనిలో పనిగా మిషన్‌ని నడిపే యూనిక్స్‌ని కూడా కొత్త వెర్షన్‌కి మార్చమని పైనుంచి ఆర్డరొచ్చింది.

ఆ పని కంప్యూటర్ అబ్బాయి మీద పడింది. ఆఫీసులో అతన్ని అందరూ అలాగే పిలుస్తారు. సెలవురోజంతా కూర్చుని అప్‌గ్రేడ్ పూర్తిచేశాడు. అన్నీ సవ్యంగానే ఉన్నాయనుకుని ఇంటికెళ్లి హాయిగా పడుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే వాన. తలుపు తోసుకుని కాటా అమ్మాయి లోపలికొచ్చింది. గేటు పక్కనున్న కాటా గది ఆమెది. లారీ వచ్చి ఇనుప పలక మీద నిలబడితే బరువు చూసి, చీటీ ప్రింటు తీసి డ్రైవరు చేతికివ్వడం ఆమె పని. చేతిలో గొడుగుంది గానీ మూసే ఉంది. తెరిచే తీరిక లేనంత కోపంలో వచ్చింది. జడ చివరినుంచి నీళ్లు కారి కీబోర్డు పక్కన పడుతున్నాయి. అతను కీబోర్డుని కాస్త జరిపాడు.

"ఏం చేశారండీ మా కాటాని?"

"కాటానా? దాని జోలికే పోలేదండీ. కొత్త వెర్షన్ ఎక్కించాను, అంతే."

"ఆ అంతే వల్లే లారీలు రోడ్డు దాకా ఆగిపోయాయి. హారన్లు వినపడట్లేదా?"

"వాన చప్పుడనుకున్నాను."

ఆమె ఒక చూపు చూసింది. ఆ చూపుకి వాన కూడా ఒక్క క్షణం వెనక్కి తగ్గినట్టనిపించింది అతనికి. లేచి ఆమె వెంట నడిచాడు. ఇప్పుడు గొడుగు తెరిచింది. తన ఒక్కదానికే పట్టుకుంది.

కాటా గది ఇరుకు. ఒక బల్ల, ఒక తెర, ఒక ప్రింటరు, ఒక కిటికీ. కిటికీలోంచి మీసాల డ్రైవరు తల లోపలికి పెట్టి ఉన్నాడు.

"ఏం కాటమ్మా, చీటీ ఇప్పుడిస్తావా, వానకి నా బస్తాలు మొలకెత్తాక ఇస్తావా?"

"ఉండు బాబాయ్. పర్మిషన్ లేదంటోంది."

"నీ కాటాకి నీకు పర్మిషన్ లేకపోవడమేంటే! ఈ బాబేనా ఆ పర్మిషన్ ఇచ్చేది?"

కంప్యూటర్ అబ్బాయి కూర్చున్నాడు. ముందు తన లాగిన్‌తో చూశాడు. చీటీ చక్కగా వచ్చింది. ఆమె లాగిన్‌తో చూశాడు. పర్మిషన్ డినైడ్ అంది.

"మీకైతే వస్తుందా? నేనేం పాపం చేశాను?"

"పాపం కాదండీ, గ్రూపు. ప్రింటరు వాడుకునే గ్రూపులో మీ పేరు లేదు. పాత మిషన్‌లో కూడా లేదు."

"మరి ఇన్నాళ్లూ ఎలా వచ్చింది?"

అది అతనికీ అంతుపట్టలేదు. ముందు బండి కదలాలి కదా అని ఆమె పేరు గ్రూపులో చేర్చాడు. మళ్లీ లాగిన్ అవమన్నాడు. ప్రింటరు గరగరలాడి చీటీ కక్కింది.

డ్రైవరు చీటీ అందుకుని కింద నుంచి పైకి చదివాడు. మళ్లీ కిందికే వచ్చి ఆగాడు.

"ఇదెవరి పేరు?"

"నాదే బాబాయ్."

"పెద్దాయన పేరేదీ?"

పెద్దాయనంటే ఆమె నాన్న. అంతకుముందు ఆ కాటా ఆయనదే. రిటైరయ్యాక ఆ కుర్చీ కూతురికొచ్చింది. తూకంలో గింజ తేడా రానివ్వని మనిషని పేరు.

"ఆయన పేరుంటే మిల్లులో మళ్లీ తూయకుండా దించుకుంటారు తల్లీ. నీ పేరు చూపిస్తే, ఇదెవరు అంటారు. అక్కడ మళ్లీ కాటా, మళ్లీ వరస. నా పూటంతా దానికే చెల్లు. ఏమనుకోకు, రోడ్డు మీది కాటాకి పోతాను. ఆ చీటీ అయితే మిల్లువాళ్లు ఒప్పుకుంటారు."

లారీ వెనక్కి తిరిగింది. దాని వెనక ఇంకొకటి. కాటా అమ్మాయి కిటికీలోంచి అటే చూస్తూ నిలబడింది. ఇందాకటి కోపం ముఖంలో లేదు. కోపమే నయమనిపించింది అతనికి.

ఆ మధ్యాహ్నమంతా కూర్చుని కారణం పట్టుకున్నాడు. చీటీ ప్రోగ్రాం ఫైలు పెద్దాయన పేరు మీదుంది. పాత యూనిక్స్‌లో దాని పర్మిషన్ల వరసలో ఎస్ అని ఒక అక్షరం ఉండేది. ఎవరు నడిపినా ఫైలు యజమాని పేరు మీదే నడవాలి అని దానర్థం. ఆమె మీట నొక్కితే మిషన్ పెద్దాయన నొక్కాడనుకునేది. ప్రింటరు ఒప్పుకునేది, చీటీ మీద ఆయన పేరు పడేది. అప్‌గ్రేడ్ ఆ అక్షరాన్ని తుడిచేసింది.

ఇదంతా ఆమెకి చెప్పాడు. ఆమె సగం దాకా వింది.

"అయితే ఆ అక్షరం మళ్లీ పెట్టేయండి."

"కుదరదండీ. ఉద్యోగంలో లేనివాళ్ల పేరు ఉండకూడదని రూలు. ఆ లాగిన్ కూడా తీసేయాలి."

"మా నాన్న పేరు తీసేస్తారా?"

"తీసేయడమంటే... ఫైల్లోంచే కదండీ."

"ఒక్క అక్షరమేగా అడిగింది. అదేదో ఆస్తి రాసిమ్మన్నట్టు!"

మూతి ముడుచుకుని అటు తిరిగింది. ఆ రోజు నుంచి అతనితో మాట బంద్. ప్రింటరులో కాగితం ఇరుక్కున్నా తనే లాగి తీసుకునేది గానీ పిలిచేది కాదు. అతను ఊరికే కాటా గది దాకా వెళ్లి, "అంతా బాగానే ఉందాండీ?" అనేవాడు. ఆమె ప్రింటరుతో, "బాగానే ఉన్నావని చెప్పు" అనేది.

లారీలు మాత్రం తగ్గుతున్నాయి. ఒకరోజు మేనేజరుగారు అందరి ముందే అనేశారు.

"అందరూ రోడ్డు కాటాకే పోతుంటే మనకి ఈ కాటా ఎందుకమ్మా? నెలాఖరు దాకా చూస్తాను. తర్వాత మూసేద్దాం. నిన్ను బస్తాల లెక్కకి వేస్తాను."

ఆమె తల ఊపింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండుననిపించేలా నిలబడింది.

ఆ సాయంత్రం కంప్యూటర్ అబ్బాయి ఒక నిర్ణయానికొచ్చాడు. రూలు రూలే. కానీ ఆమె ముఖం అలా ఉండగా అతనికి ముద్ద దిగడం లేదు. ఎస్ పెట్టడం నిమిషం పని. అయితే ఆ లాగిన్ కొత్త మిషన్‌లో నిలవాలంటే కొత్త పాస్‌వర్డు కావాలి. అది పెద్దాయనే పెట్టాలి. కాబట్టి దారి కనుక్కుని వాళ్లింటికెళ్లాడు.

తలుపు తీసింది ఆమె అమ్మ. అమ్మాయి ఇంకా కాటా దగ్గరే ఉంది.

"నువ్వేనా బాబూ కంప్యూటర్ అబ్బాయివి? కూర్చో. మా అమ్మాయి నీ గురించి చెప్పిందిలే."

"ఏం చెప్పిందండీ?"

"ఇంటికొచ్చినవాడి ముందు అనేవి కాదులే బాబూ. టీ తాగు."

పెద్దాయన వాకిట్లో చూరు కింద కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మాటల్ని కూడా తూచి వాడే మనిషిలా ఉన్నాడు. అబ్బాయి టీ గ్లాసు పట్టుకుని విషయం మొదలుపెట్టాడు.

"మీ పేరు మళ్లీ చీటీ మీద వచ్చేలా చేద్దామనండీ. ఒక్క పాస్‌వర్డు పెట్టి..."

"మళ్లీ అంటే?"

"అంటే, మొన్నటి దాకా వచ్చినట్టే."

"మొన్నటి దాకా వచ్చిందా? నేను మానేశాక కూడానా?"

అబ్బాయి టీ తాగబోయి ఆగాడు. ఈయనకి తెలియదు! ఆమెకి తెలుసు. తెలిసే ఊరుకుంది.

పెద్దాయన లేచి నిలబడ్డాడు. గొంతు పెద్దది చేయలేదు.

"నేను చూడని బరువుకి నా పేరెలా వేస్తారు? అది దొంగ చీటీ అవుతుంది."

"బరువు సరైనదేనండీ. మీ అమ్మాయి సరిగ్గానే..."

"సరైనదైతే తన పేరే వేసుకోమను. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం మా ఇంట్లో లేదు."

సరిగ్గా అప్పుడే ఆమె గేటు తీసింది. మళ్లీ వానలో తడిసే వచ్చింది. నాన్న నిలబడిన తీరు చూసింది, చేతిలో గ్లాసుతో కూర్చున్న అతన్ని చూసింది. లెక్క తేలిపోయినట్టు ఆమె ముఖం ఎర్రబడింది.

"ఓహో! ఆఫీసులో చాలక ఇంటిదాకా వచ్చి చెప్పారన్నమాట. నాలుక దురద తీరిందా?"

"అది కాదండీ, నేను..."

"ఏది కాదు? రేపు ఇంకెక్కడ చెప్తారో చెప్పండి. ముందే వెళ్లి కూర్చుంటాను."

"ఒసే, ఆగవే" అంది అమ్మ. "చెప్పడానికి రాలేదే ఈ అబ్బాయి. నీ అక్షరమేదో తిరిగి పెట్టడానికొచ్చాడు."

ఆమె ఆగింది.

"కుదరదన్నారుగా?"

"అన్నానండీ."

"రూలన్నారుగా?"

"ఇప్పటికీ రూలేనండీ. తెలిస్తే నా ఉద్యోగం పోతుంది కూడా."

"మరెందుకొచ్చారు?"

అతను గ్లాసులోకి చూశాడు. అందులో టీ లేదు. దాక్కోడానికి చోటు లేదు.

"మీరు మాట్లాడటం మానేశారు కదండీ. మీరు ప్రింటరుతో మాట్లాడుతుంటే చూడటం నావల్ల కావట్లేదు."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికెళ్లిపోయింది. ఆమె జడ పిండుకుంటూ ఉంది. పిండాల్సిన నీళ్లు ఎప్పుడో అయిపోయాయి.

పెద్దాయన మళ్లీ కూర్చున్నాడు. కూతుర్ని చూశాడు.

"ఎందుకు చెప్పలేదు తల్లీ?"

"నీ పేరుంటే ఎవరూ అడగరు నాన్నా. నా పేరుంటే అందరూ అడుగుతారు."

"అడగనీ. నన్నూ మొదట్లో అడిగారు. అడిగినవాళ్లందరికీ తూచి చూపించాను. పేరు అలాగే వచ్చింది, ఎవరూ ఇవ్వలేదు." తర్వాత అబ్బాయి వైపు తిరిగాడు. "నా పేరు తీసెయ్ బాబూ. ఆ అక్షరం పెట్టొద్దు."

"అలాగేనండీ."

"టీ తాగావా?"

"తాగానండీ."

"ఇంకోటి తాగు."

ఆ ఇంట్లో పెద్దాయన ఒకరికి రెండో టీ ఇమ్మనడం అమ్మ ఎన్నడూ వినలేదు. విన్న వెంటనే పాలు ఎక్కువ పోసింది. గ్లాసు తెచ్చిచ్చింది మాత్రం కూతురు. ఇస్తూ, అతనికి మాత్రమే వినపడేలా అంది.

"ఉద్యోగం పోతే ఏం చేద్దామనుకున్నారు?"

"బస్తాల లెక్కకి వేయమని అడుగుదామనుకున్నాను. మీరూ అక్కడే ఉంటారు కదా."

ఆమె నవ్వు ఆపుకోడానికి గ్లాసు మీద ఈగ లేకపోయినా తోలింది.

మర్నాడు పొద్దున అతను అందరికంటే ముందొచ్చాడు. చీటీ ప్రోగ్రాం ఫైలుని ఆమె పేరు మీదికి మార్చి, పెద్దాయన లాగిన్ మూసేశాడు. ఆ పనయ్యాక తన గదిలో కూర్చోలేదు. గేటు దగ్గరికెళ్లి, రోడ్డు కాటా వైపు తిరుగుతున్న మీసాల డ్రైవరు లారీకి అడ్డం నిలబడ్డాడు.

"ఏంటి బాబూ, చావాలనుందా?"

"కాటమ్మ దగ్గర తూయించు అన్నా. చీటీతో పాటు నేనూ మిల్లుకొస్తాను. అక్కడ తేడా వస్తే బస్తాలన్నీ నేనే దించుతాను."

డ్రైవరు అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు. "నీ ఒంటికి ఒక్క బస్తా చాలు" అని నవ్వి, లారీ తిప్పాడు.

ఆమె బరువు చూసింది. చీటీ తన పేరుతో ఇచ్చింది. అతను చీటీ జేబులో పెట్టుకుని క్యాబిన్ ఎక్కాడు.

మిల్లులో అనుకున్నట్టే, ఇదెవరు అన్నారు. అతను క్యాబిన్ దిగి, తూయమన్నాడు. తూశారు. తేడా లేదు. మిల్లు మేస్త్రి చీటీ మీది పేరు రెండుసార్లు చదివి, ఇంటిపేరు గుర్తుపట్టి, "పెద్దాయన కూతురా? ముందే చెప్పొద్దూ!" అన్నాడు.

"పెద్దాయన చెప్పొద్దన్నారండీ" అన్నాడతను. "ఈ పేరుతోనే గుర్తుపెట్టుకోమన్నారు."

బస్తాలు దించుకుని, రెండో ట్రిప్పుకి లారీ ఖాళీగా తిరిగొచ్చింది. ఖాళీ బరువు తూయించడానికి ఇనుప పలక మీద ఆగింది. ఆమె కిటికీలోంచి తెర చూసింది, లారీని చూసింది, క్యాబిన్‌లో పళ్లికిలిస్తూ కూర్చున్న అతన్ని చూసింది. చీటీ రాలేదు.

"ఏం కాటమ్మా, మళ్లీ పర్మిషన్ లేదా?" అని అరిచాడు డ్రైవరు.

"పర్మిషనుంది బాబాయ్. ఆయన్ని దిగమను. ఖాళీ లారీలో ఆయన బరువు కూడా కలుస్తోంది. నా పేరు మీద తప్పు లెక్క పోదు."

"దిగి ఎక్కడికి పొమ్మంటావే?"

ఆమె ప్రింటరు వైపు చూడలేదు. నేరుగా అతన్నే చూసింది.

"ఇలా లోపలికి రమ్మను."

అతను దిగాడు.