తక్కెడబండ కొసరు

ఆదివారం... అమావాస్య... మిట్టమధ్యాహ్నం!

మనిషి నీడ మనిషి కాళ్ళ కిందే నక్కి కూర్చునే వేళ. ఈ ఘడియలో పసిపిల్లల్ని గడప దాటనివ్వరు పెద్దవాళ్ళు. సరిగ్గా ఆ వేళప్పుడు, వడ్లమూడి అవతల ఎర్రటి గ్రావెల్ గుంటల మధ్య, పట్టపగలు ఒక గుడ్లగూబ కూసింది!

కారు దిగబోతున్న ప్రకాశరావు కాలు గాల్లోనే ఆగిపోయింది.

తెనాలి మార్కెట్లో పసుపు, మినుముల టోకు వ్యాపారం అతనిది. పెట్టేదెంత, మిగిలేదెంత అని చూసుకుని గాని దేనికీ చెయ్యి చాపడు. భయాన్ని కూడా అలాగే తూచాడు. వెనక్కి పోతే భార్య దక్కదు. ముందుకు పోతే... మరదలు దక్కదు. ఏది పోయినా ఫర్వాలేదో రాత్రే తేల్చుకున్నాడు.

కాలు కింద పెట్టాడు.

ఎదురుగా తక్కెడబండ! రెండు నిలువుల ఎత్తు రాతి స్తంభం. దాని నెత్తిన అడ్డంగా, పడవంత పొడుగు బండ. నడిమధ్యన ఒక్కచోట మాత్రమే ఆని ఉంది. రెండు కొసలూ గాల్లో వేలాడుతున్నాయి. గట్టిగా గాలి వీస్తే కదులుతుంది... కిర్రుమంటుంది... కానీ పడదు!

కరువు కాలంలో ఒక షావుకారు కూలివాళ్ళకు గింజలు దొంగతూకం తూచాడట. ఒక కూలితల్లి చంకలోని పిల్ల ఆ పూటే ఆకలికి కన్నుమూసింది. తల్లి తక్కెడ పట్టుకుని పెట్టిన కేకకు తక్కెడ రాయైపోయింది. తూచినవాడు దాని కింద నుజ్జయ్యాడు! ఆమే తక్కెడమ్మ. ఇప్పటికీ ఇటు వచ్చినవాళ్ళు అమ్మకు గుప్పెడు గింజలు పోసి, పోయిన పిల్ల పేరున చిటికెడు కొసరు వేసి గాని వెనుదిరగరు.

"మెల్లిగా అక్కా... ఇదిగో, నా భుజానికి ఆనుకో," అంటోంది కారు వెనక తలుపు దగ్గర మరదలు, తమ్ముడి భార్య అనుపమ.

ఆమె చేతుల్లో వేలాడుతోంది ప్రకాశరావు భార్య వేదవతి. విరబోసుకున్న జుట్టు. తుండుగుడ్డతో కట్టేసిన చేతులు. తెల్లగుడ్లు పైకి తేలిన కళ్ళు. గొంతులోంచి ఏదో మృగం గుర్రుమంటోంది! అక్క కోసం మొక్కు తీర్చడానికే వచ్చామనుకుంటోంది అనుపమ, పాపం.

తమ్ముడు పోయాక కొట్టులో సగం వాటా అనుపమకు వచ్చింది. అది ప్రకాశరావుకు కంట్లో నలుసైంది. రేపల్లె మంత్రగాడు కృష్ణకాంత్‌ను పట్టుకున్నాడు. పిశాచాన్ని ఆవాహన చేసిన వస్తువు ఆమెకు చేరాలి, ఆమె భయపడి పుట్టింటికి పోవాలి. బేరం అంతవరకే. తీరా చూస్తే, ఆ పీడ అనుపమను వదిలేసి వేదవతి ఒంట్లో దూరి కూర్చుంది!

"ఎదురు తిరిగిందండి," అన్నాడు కృష్ణకాంత్ తాపీగా టీ తాగుతూ. "ఇక ప్రాణానికి ప్రాణం తూచాల్సిందే."

ఇప్పుడతను బండ కుడికొస కింద నల్లబట్టలు కట్టుకుని కూర్చున్నాడు. ముందు రక్తవర్ణపు ముగ్గు... ముగ్గు మధ్య మనిషి కపాలం! అనుపమ కొంగుముడి విప్పడం చూసి కళ్ళెర్రజేశాడు.

"ఏంటమ్మా అది?"

"మినుములండి. అమ్మకి గుప్పెడు, పిల్లకి కొసరు."

"కొసరడానికి ఇదేమన్నా వంకాయల బజారా? నా పూజలో గురిగింజెత్తు ఎక్కువుండదు, తక్కువుండదు!"

"మీరు మాత్రం బజారుకెళ్తే కొసరు అడక్కుండా వస్తారేంటండీ?" అంది అనుపమ. ఆ స్థితిలోనూ ఆ మనిషి నవ్వగలదు.

కృష్ణకాంత్ నవ్వలేదు. మంత్రోచ్చారణ మొదలైంది. నడినెత్తి సూర్యుణ్ణి కారుమేఘం మింగేసింది. వేదవతి విల్లులా వంగి వికృతంగా అరిచింది.

"తేరా... తే! నాకెవర్ని తెచ్చావురా!"

"వెయ్యండి!" గర్జించాడు మంత్రగాడు. "మీ చేత్తోనే పడాలి!"

ప్రకాశరావు జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. అందులో అనుపమ దువ్వెనకు చిక్కిన వెంట్రుకలు. వేదవతి నోటి నురగను తన చీర చెంగుతో తుడుస్తోంది అనుపమ. ఒక్క క్షణం చూశాడు... చూపు తిప్పుకుని వెంట్రుకల్ని కపాలంలో వేసేశాడు.

వేదవతి పకపకా నవ్వింది. మగగొంతు!

"ఓరి మూర్ఖుడా! నన్ను పసుపుకొమ్ముల్లో బిగించి పంపావు. ఎవరికిరా? మొగుడు పోయినదానికి! అది పసుపు పూసుకుంటుందా? శుక్రవారం పూట కళ్ళకద్దుకుని నీ పెళ్ళాం చేతిలో పెట్టింది. నీ పెళ్ళాం అరగదీసి మెడకీ తాళికీ పూసుకుంది. నేను ఎదురు తిరగలేదురా... నువ్వు పంపిన దారినే వచ్చాను!"

పసుపు ప్రకాశరావుకు సరుకు. బస్తాల్లో వస్తుంది, బస్తాల్లో పోతుంది. ఏ ముఖానికి చేరుతుందో, ఏ ముఖానికి కూడదో ఏనాడూ చూడలేదు.

అనుపమ తల ఎత్తింది. "బావగారూ... ఆ వాటా నన్నడిగితే ఇచ్చేదాన్ని కదండీ."

"కదిలావో నెత్తురు కక్కుకుని చస్తావ్!" అరిచాడు కృష్ణకాంత్.

ఆమె పారిపోలేదు. స్తంభం మొదట్లో గుప్పెడు మినుములు పోసింది. ఇంకో చిటికెడు వేసింది. "తల్లీ, మా అక్కని నాకిచ్చెయ్. ఇది నీ పిల్లకి."

కృష్ణకాంత్ లేచొచ్చి ఆ చిటికెడునూ కాలితో తన్నేసి, తిరిగి కుడికొస కిందికి పోయాడు!

కిర్ర్ర్...!

గాలి లేదు. ఆకు కదల్లేదు. ఎడమకొస ఆకాశంలోకి లేచింది... కుడికొస పిడుగులా దిగింది! మంత్రగాడి కేక సగంలోనే తెగిపోయింది. కపాలం పిండైపోయింది. తర్వాత ఆ బండ... మెల్లగా... మళ్ళీ సమంగా లేచి నిలబడింది!

పరుగున వచ్చిన అనుపమ ఒడిలో వేదవతి కుప్పకూలింది. పెదవులు కదిలాయి. ఆ గొంతు వేదవతిది కాదు, పిశాచానిదీ కాదు. ఎన్నో కరువులు చూసిన ఒక తల్లిది.

"తూకం సరిపోయింది." కళ్ళు ప్రకాశరావు మీద నిలిచాయి. "కొసరు?"

వాన కుండపోతగా కురిసింది. వానకు రాయి జారి మీద పడిందన్నారు పోలీసులు. ఏ రాయని ఎవరూ అడగలేదు.

ప్రకాశరావు లెక్క చూసుకున్నాడు. భార్యకు నయమైంది. సాక్ష్యం చెప్పేవాడు లేడు. అనుపమ నోరు విప్పలేదు. తనకు కాలూ చెయ్యీ బాగానే ఉన్నాయి. కొసరు మాట అమ్మ మరిచిపోయిందనుకున్నాడు.

శుక్రవారం పొద్దున కొట్టులోంచి మేలురకం పసుపు ఏరి తెచ్చాడు. వంటింట్లో వేదవతి తలంటుకుని కూర్చుని ఉంది. నుదుట బొట్టు లేదు. మెడ బోసిగా ఉంది.

"ఏంటే ఈ వేషం? ఇదిగో, పసుపు."

"నాకెందుకండి?" అంది వేదవతి నెమ్మదిగా. "ఆ రోజు నా ఒంట్లో అది ఒక్కటే లేదండి. నేనూ ఉన్నాను. దాన్ని మీరే పంపారని విన్నాను. కపాలంలో ఏం వేశారో చూశాను."

కొంగులో దాచిన తాళి తీసి అతని అరచేతిలో పెట్టి, పొయ్యి వైపు తిరిగింది.

"అనుపమా, అన్నం వడ్డించమ్మా. మనిద్దరికే."

తూకాలు తూచిన చెయ్యి, అలవాటుగా బరువు చూసింది.

చిటికెడంత. కొసరంత. అంతే.