పది డిగ్రీలు

జనని చనిపోయింది 1997 ఏప్రిల్ పదిహేడు, గురువారం మధ్యాహ్నం.

పెరంబూరు వైపు వంతెన ఎక్కుతుండగా ఆమె నడుపుతున్న కారు ఒక్కసారిగా నీరసించింది. వెనకే వస్తున్న సిమెంటు లారీ ఆగలేదు, గుద్దేసి వెళ్ళిపోయింది. వైర్‌లెస్‌లో వరదరాజులు విన్న ఆఖరి మాటలు ఇవి: "సార్, ఎంత తొక్కినా లాగడం లేదు. చెక్ లైట్ మాత్రం వెలగలేదు సార్."

పోలీసులు రికార్డులో ఒక్క వరుస రాశారు. కారణం, డ్రైవరు అజాగ్రత్త.

ఆసుపత్రివాళ్ళు ఆమె వస్తువులను చిన్న కవరులో పెట్టి వరదరాజులుకి ఇచ్చారు. వాచీ, చేతి రుమాలు, ఒక పిన్నీసు. ఆ పిన్నీసు తెరిచి ఉంది. దాన్ని ఎవరో వేళ్ళతో బలంగా వంచినట్టుంది.

గూఢచారి బ్యూరోలో చేరకముందు వరదరాజులు పన్నెండేళ్ళు పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పాడు. జనని అతని విద్యార్థిని. ఆమెను ఏజెంటుగా బ్యూరోలోకి తెచ్చింది కూడా అతనే. తల్లి కనకవల్లికి మాత్రం ఏదో కంపెనీలో ఉద్యోగమని ఇద్దరూ కలిసే అబద్ధం చెప్పారు.

పదో రోజున పెరంబూరు రైల్వే క్వార్టర్స్‌లో కనకవల్లి అతని ముందు కాఫీ గ్లాసు పెట్టి అడిగింది.

"సారూ, నా బిడ్డకి బండి తోలను నేర్పించింది మీరే కదా. మీరు సరిగా నేర్పించలేదా, లేకుంటే దానికి రాలేదా? పోలీసోళ్ళు ఆడ రాసిండేదానికి ఏదో ఒక అర్థం ఉండాల కదా?"

వరదరాజులు కాఫీ ముట్టకుండానే లేచి వచ్చేశాడు.

మే నెల రెండో వారంలో చీఫ్ ఏకాంబరం కబురు పంపాడు. కోడంబాక్కంలో ఒక డబ్బింగ్ థియేటర్ బోర్డు వెనక ఉండేది బ్యూరో ఆఫీసు.

"రికార్డింగ్ ఎన్నింటికి?" అన్నాడు తలుపు దగ్గర మనిషి.

"గొంతు బాగుంటే ఇప్పుడే."

తలుపు తెరుచుకుంది.

"గోవిందన్ నోరు విప్పుతానంటున్నాడు," అన్నాడు ఏకాంబరం. "వైర్‌లెస్ ఫ్యాక్టరీ గుమాస్తా. విదేశీ ముఠాకి డ్రాయింగులు అమ్మినవాడు. చనిపోయేనాటికి జనని వెంటాడుతున్నది ఇతన్నే. రేపు పదకొండుకి నుంగంబాక్కంలోంచి ఎయిర్‌పోర్టుకి చేర్చాలి. ఢిల్లీలో పేర్లన్నీ చెబుతాడు. దారి ఏదో, ముఠాలో ఉన్న మన మనిషి మధుమిత చేత వాళ్ళకి చెప్పించాను."

"ఎందుకు?"

"లారీ వస్తేనే కదయ్యా లారీవాడు దొరికేది. సరే, కారు సంగతి చెప్పు. సైన్సు తక్కువ, సంగతి ఎక్కువ."

వరదరాజులు బల్లమీద పిన్నీసు పెట్టాడు.

"ఇంజన్‌లో పిస్టన్ పైకొచ్చే ముందే ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టాలి సార్. ఇంజన్ తిరుగుడులో ఎన్ని డిగ్రీలు ముందన్నది పాత బండ్లలో మెకానిక్ చేత్తో తిప్పి పెట్టేవాడు. ఈ కార్లలో కంప్యూటరే చూసుకుంటుంది. ఇంజన్ వేగం, లోపలికెళ్ళే గాలి, వేడి, అన్నిటినీ సెన్సర్లు చెబుతాయి. కంప్యూటర్ తన చిప్‌లో ఉన్న పట్టిక తెరిచి, ఆ గడిలో ఉన్న అంకె ప్రకారం నిప్పు పెడుతుంది."

"ఆ అంకె మార్చేస్తే?"

"అన్నీ మార్చక్కర్లేదు. ఇంజన్ వేడెక్కి, ఎత్తు ఎక్కుతూ, పెడల్ నిండా తొక్కినప్పుడు పనికొచ్చే నాలుగు గడులు చాలు. పిస్టన్ దిగిపోయాక నిప్పు పుడుతుంది. మంట ఉంటుంది, లాగుడు ఉండదు. సెన్సర్లన్నీ బాగానే ఉన్నాయి కాబట్టి చెక్ లైట్ వెలగదు. పట్టికలో ఉన్నదే చేస్తున్నానని కంప్యూటర్ నమ్మకం. నిలబెట్టి పరీక్షిస్తే ఏమీ దొరకదు."

"మరి ఈ పిన్నీసు?"

"టైమింగ్ చూసుకోవడానికి మెకానిక్‌కి ఒక కనెక్టర్ ఇస్తారు. అందులో రెండు కొసలు కలిపితే కంప్యూటర్ పట్టిక పక్కన పెట్టి, నిప్పును ఎప్పుడూ పది డిగ్రీల ముందే పెడుతుంది. ల్యాబులో వైరు ముక్క ఎప్పుడూ దొరికేది కాదు. అమ్మాయిలు గాజులకున్న పిన్నీసు తీసిచ్చేవాళ్ళు." వరదరాజులు పిన్నీసును చీఫ్ వైపు జరిపాడు. "ఆ రోజు జననికి పాఠం గుర్తొచ్చింది సార్. కానీ కనెక్టర్ బానెట్ కింద ఉంది. చెయ్యి అందదు."

ఏకాంబరం పిన్నీసు వైపు చూడలేదు.

"మన కార్లన్నీ ఒకే వర్క్‌షాపుకి వెళతాయి," అన్నాడు వరదరాజులు. "ఏ చిప్ మారిందో తెలియదు. కొత్తవి రావడానికి నెల పడుతుంది. నేను నడిపే కారులో కనెక్టర్ రెండు కొసల నుంచి వైర్లు లోపలికి లాగి, స్టీరింగ్ కింద రెండు ఇత్తడి స్క్రూలకు కట్టాను."

"స్విచ్ పెట్టొచ్చుగా?"

"స్విచ్ అయితే వర్క్‌షాపులో ఉన్న వాళ్ళ మనిషి కనిపెడతాడు. స్క్రూలను ఎవరూ చూడరు."

మర్నాడు గోవిందన్‌కు తెల్లగడ్డం అంటించి, కాషాయం కట్టి, వెనక సీట్లో కూర్చోబెట్టారు.

"గడ్డం దురద పుడతా ఉందప్పా," అన్నాడు గోవిందన్.

"ప్రాణం పోతే దురద ఉండదు స్వామీ," అంది మధుమిత, నల్ల కళ్ళద్దాలు సర్దుకుంటూ. పట్టుచీర, మల్లెపూలు, రెండు వైపుల జీతం. ముఠా ఆమెను తమ మనిషి అనుకుంటోంది. బ్యూరో కూడా అంతే అనుకుంటోంది.

వరదరాజులు ముందు తలుపు తెరిచాడు. కారు సంగతి తెలిసుంటే ఆమె ఎక్కదు.

మధుమిత ఎక్కి కూర్చుంది. ఏసీ తనవైపు తిప్పుకుంది.

కత్తెర ఎండ. సిగ్నళ్ళ దగ్గర ఆగి ఆగి ఇంజన్ వేడెక్కింది. కోడంబాక్కం వంతెన మొదట్లో అద్దంలో ఒక సిమెంటు లారీ కనిపించింది. వరదరాజులు పెడల్ పూర్తిగా తొక్కాడు.

కారు నిట్టూర్చినట్టయింది. ఇంజన్ మోగుతోంది, బండి సాగడం లేదు. చెక్ లైట్ వెలగలేదు.

"తొక్కండి సార్! లారీ!"

"తొక్కుతున్నాను. నా జేబులో పిన్నీసుంది, తీయండి."

"వాళ్ళు ఎయిర్‌పోర్టులో అన్నారు సార్. వంతెన అనలేదు!"

"మీకు చెప్పరు. మీరూ ఇందులోనే ఉన్నారుగా. స్టీరింగ్ కింద రెండు స్క్రూలు. పిన్నీసు రెంటికీ ఆనించండి."

ఆమె వంగింది. కళ్ళద్దాలు జారి పడ్డాయి. పిన్నీసు ఒక స్క్రూకి తగిలి జారింది. అద్దం నిండా లారీ ముఖం. వెనక గోవిందన్ ఏ దేవుణ్ణీ వదలకుండా పిలుస్తున్నాడు.

"అదుముకుని పట్టుకోండి. వణకొద్దు."

ఇంజన్ గొంతు మారింది. పది డిగ్రీలు. అది పెద్ద బలం కాదు, పాఠంలో చెప్పినంత బలం. కారు ముందుకు గుంజింది. వరదరాజులు ఎడమకి తిప్పాడు. లారీ, కారు వెనక బంపర్‌ను ఊడబీకి, పిట్టగోడను రాసుకుంటూ పోయి ఆగింది. వంతెన దిగువన కాచుకున్న బ్యూరో జీపులు దాన్ని చుట్టుముట్టాయి.

గోవిందన్ గడ్డం ఊడి ఒళ్ళో పడి ఉంది. మధుమిత ఇంకా పిన్నీసు వదల్లేదు.

"ఎవరిది సార్ ఇది?"

"నా స్టూడెంటుది."

గోవిందన్ ఢిల్లీ చేరి పేర్లు చెప్పాడు. పట్టుబడ్డ లారీ డ్రైవరు, ఏప్రిల్‌లో గుద్దిందీ తనేనని ఒప్పుకున్నాడు. వర్క్‌షాపులో చిప్ మార్చినవాడు మాత్రం ముందే మాయమయ్యాడు.

ఏకాంబరం ఫైలు ముగిస్తూ ముఖం చిట్లించాడు. "వాడిన పరికరం, పిన్నీసు ఒకటి. ఇది మన స్టోర్స్ జాబితాలో లేదు. రూలు ప్రకారం వివరణ ఇచ్చుకోవాలయ్యా."

"ఇస్తాను సార్. జనని రికార్డు?"

"చిప్ మాట బయటికొస్తే దాన్ని మార్చినవాడు ఇక దొరకడు. వాడు దొరికేదాకా అది అలాగే ఉండాలి."

పోలీసు రికార్డులో ఆ వరుస ఇంకా మారలేదు. కనకవల్లి అడిగినదానికి వరదరాజులు ఇంకా జవాబు చెప్పలేదు.