గెడ్డకీ బీలకీ నడుమ

పంతొమ్మిదో తేమకర్ర నలభై మూడు చూపించింది. కాంచన ఆ అంకెను చెవిలోని పలుకుపూసకు వినబడేలా చెప్పి, మోకాలి మీద చెయ్యి ఆన్చి లేచింది. ఇంకా పన్నెండు కర్రలున్నాయి. బురదలోంచి కాలు తీసి మళ్ళీ బురదలోనే వెయ్యాలి. పద్దెనిమిదేళ్ళుగా ఆమె ఉద్యోగం ఇదే. నేల తడిగా ఉందో లేదో నేలకొలువుకి చెప్పడం.

నేలకొలువు మనిషి కాదు. భూమి తగాదాలతో విసిగిపోయిన ప్రభుత్వం తీర్పు చెప్పే పనంతా ఆ యంత్రానికి అప్పజెప్పింది. కర్రలు ఒకప్పుడు తమంతట తామే అంకెలు పంపేవి. వాటిని నమ్మేది లేదని తగాదా పడే రెండు పక్షాలూ మొండికేశాక, మనిషి కళ్ళతో చూసి చెప్పాలన్న నిబంధన వచ్చింది. అంకె నలభైకి పైనుంటే ఈ చిత్తడినేల బీలగానే ఉంటుంది. వరుసగా ఏడు రోజులు తగ్గితే మెట్ట అవుతుంది. మెట్ట అయిన మర్నాడే ఇళ్ళు లేస్తాయి. మట్టిని గోడలుగా పోసే అచ్చుయంత్రాలు మూడు, ఆ రోజు కోసమే ఉత్తరం గట్టు మీద మెడలు వంచుకుని, దీపాలు వెలిగించుకుని ఏడాదిగా కాచుకుని ఉన్నాయి.

"కాంచన గారూ," అంది పూసలోంచి నేలకొలువు. "గెడ్డ వాగు నీళ్ళు బీలలోకి రాకుండా గట్టు కట్టి పద్నాలుగు నెలలైంది. నాలుగు నెలలుగా వాన లేదు. తేమ తగ్గడం లేదు. ఈ రోజు నీటి మూలం తేల్చి చెప్పండి."

అందుకేనన్నమాట, మధ్యాహ్నం రావలసిన ఆమెని ఇవాళ తెల్లవారగానే రమ్మన్నది. ఎవరో నీళ్ళు పోస్తున్నారన్న అనుమానం కాంచనకి ఎప్పటినుంచో ఉంది. అడిగితే ఇంకో పని మీద పడుతుందని ఊరుకుంది.

తుంగ గుబురు అవతల నీళ్ళు పడుతున్న చప్పుడు. దించినట్టు, ఎత్తినట్టు, ఒకే లయలో. తుంగను పక్కకి తోసి చూసింది. పన్నెండు జంటలు గట్టు మీద ఎదురెదురుగా నిలబడి గూడ వేస్తున్నారు. తాళ్ళు కట్టిన బుట్టను ఇద్దరూ చెరో పక్క పట్టుకుని గెడ్డలో ముంచి, వెనక్కి వాలి, నీటిని గట్టు దాటించి బీలలోకి విసురుతున్నారు. వాళ్ళ వెనక మరో పాతికమంది తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు. ఆమెను చూడగానే బుట్టలన్నీ ఆగిపోయాయి. ఇక్కడి మాటలు నేలకొలువుకి వినబడకుండా కాంచన పూసను నొక్కి ఆపింది.

చాపలు అల్లే తవిటమ్మ ముందుకొచ్చింది. అరవై దాటిన మనిషి. అరిచేతులకి గుడ్డపీలికలు చుట్టుకుంది.

"వొచ్చీసినావా తల్లీ. ఏదో రోజు వొస్తావనుకున్నాం."

"ఎన్నాళ్ళ నుంచి?"

"గట్టు కట్టిన మర్నాటి నుంచి. మోటారు పెడితే ఆకాశంలో తిరిగే కన్ను పట్టీసుద్ది. అందుకే చేతుల్తో."

"కర్రల దగ్గర మాత్రం పోస్తే సరిపోయేది కదమ్మా. అరగంట పని."

తవిటమ్మ ఆమెను వింతగా చూసింది. "కర్రకేటి దాహం? చేపకి కావాల, తుంగకి కావాల. తుంగ నేకపోతే నా చాపేది? ఊరంతా వొంతులేసుకున్నాం. వొళ్ళు పులిసిపోనాది తల్లీ. అయినా మానీడానికి నేదు."

కాంచన గట్టు మీద కూలబడింది. ఉన్నది ఉన్నట్టు చెబితే నేలకొలువు 'కృత్రిమ తడి' అని రాసుకుంటుంది. ఆ తడి చెల్లదు. తెలియదంటే కర్రలు చెడిపోయాయని బీలను మెట్టలో కలిపేస్తుంది. ఇక్కడ లేవబోయే ఇళ్ళకి పేరిచ్చుకున్నవాళ్ళలో కాంచన కూడా ఉంది. ఒంటిగది అద్దెకొంపలో పదకొండేళ్ళు గడిపిన మనిషి. కిటికీ ఉన్న వంటగది ఒకటి చాలనుకునేది. ఏదీ చెప్పకుండా ఇంటికెళ్ళి పడుకోవాలనిపించింది.

"నీటి మూలం?" అంది నేలకొలువు మళ్ళీ.

బుట్ట పట్టుకున్న చేతులన్నీ అలాగే ఆగి ఉన్నాయి. ఎవరూ బతిమాలలేదు. బతిమాలే ఓపిక కూడా వాళ్ళకి ఉన్నట్టు లేదు.

నిరుడు ఇంకో బీలలో గేదెలు పొర్లిన గుంటల్లో నీళ్ళు నిలిచాయి. అక్కడ బతికే ప్రాణుల వల్ల నిలిచిన తడి సహజమేనని నేలకొలువే తీర్పిచ్చింది. కాంచన తన మాట వినబడేలా పూసను మళ్ళీ నొక్కింది.

"బీల ప్రాణుల పట్టిక తెరువు."

"తెరిచాను. పక్షులు, చేపలు, పీతలు, పాములు, గేదెలు, కప్పలు."

"ఒకటి చేర్చు. మనుషులు. నీటి మూలం వాళ్ళే."

"మనిషి ఇళ్ళలో నివసించే జీవి. బీల జీవి కాదు."

"పద్దెనిమిదేళ్ళుగా నా కళ్ళు చూసిందే నువ్వు రాసుకుంటున్నావు. ఇప్పుడూ చూసే చెబుతున్నాను. వీళ్ళు ఈ నీటి వల్లే బతుకుతున్నారు. ఈ నీరు వీళ్ళ వల్లే బతుకుతోంది. చేర్చు."

నేలకొలువు ఎప్పుడూ జవాబుకి క్షణం కూడా తీసుకోదు. ఇప్పుడు పాత తీర్పులన్నీ తిరగేస్తున్న గరగర పూసలో వినిపించింది. ఉత్తరం గట్టు మీది అచ్చుయంత్రాల దీపాలు ఒక్కొక్కటీ ఆరిపోయాయి. అదేం సూచనో ఆమెకి అర్థం కాలేదు. పోయిందనుకుంది కాంచన, ఈ బీల గానీ, తన ఉద్యోగం గానీ, రెండూ గానీ.

"చేర్చాను," అంది చివరికి నేలకొలువు. "కొత్త ప్రాణి నమోదైతే మిగతా బీలలన్నిటా దాని ఉనికి పరిశీలించాలి. అది పూర్తయ్యేదాకా ఏ బీలనూ మెట్టగా ప్రకటించడానికి వీల్లేదు. పరిశీలకురాలు మీరే."

"ఎన్ని బీలలు?"

"నాలుగు వందల పదహారు."

కాంచన కళ్ళు మూసుకుంది. ఆమె మొహం చూసి తవిటమ్మ భయంగా పక్కన చతికిలబడింది.

"ఏటంది తల్లీ? పోనాదా మన బీల?"

"పోలేదు." కాంచన వాచిన మోకాలిని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా లేచింది. "మీలాంటివాళ్ళు ఇంకా ఎక్కడెక్కడ ఉన్నారో వెతకమంది."